రెజిన్‌కు మంగళస్నానం

మా వర్క్‌షాపులో కార్బన్ ఫైబర్ ప్లేట్లు ఎందుకు విడిపోతున్నాయో వివరిస్తూ ఒకసారి యజమానికి ఒక పేజీ రిపోర్టు రాసిచ్చాను. నా ఉద్యోగంలో రాసిన రిపోర్టులు వందల్లో ఉంటాయి. వాటన్నిటిలోకీ గట్టి భాషలో, గట్టి నమ్మకంతో రాసింది అదే. అందులో అసలైన వాక్యం తప్పు. ఆ ఒక్క వాక్యం వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఏదైనా సలహా చెప్పమని అడిగినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ వాక్యమే.

తొంభైల చివరి సంగతి ఇది. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న రోజులు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మేముండే వీధిలో ఎవరింటికి వెళ్ళినా కంప్యూటర్ కోర్సు గురించే మాట. "మీరింకా నేర్చుకోలేదా అండీ?" అని పక్కింటావిడ నన్ను నెలకోసారైనా అడిగేది. నేను బాలానగర్‌లో జిగురు పనిచేస్తానని చెబితే, పాపం అన్నట్టు చూసి కాఫీ ఇచ్చేది. ఆ జిగురు ఎంత రుచిగల విద్యో ఆవిడకు చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. కాఫీ చల్లారిపోతుందని ఊరుకునేదాన్ని.

ఇప్పుడు మీకు చెబుతాను. కార్బన్ ఫైబర్ అంటే వెంట్రుక కన్నా సన్నని నల్లటి పోగులు. వాటిని గుడ్డలా నేస్తారు. ఆ గుడ్డను రెజిన్ అనే చిక్కటి ద్రవంతో తడిపి, పొర మీద పొర పరిచి, ఓవెన్‌లో పెట్టి గట్టిపరుస్తారు. బలం పోగులది. ఆ పోగుల్ని కలిపి పట్టుకునే బాధ్యత రెజిన్‌ది. పట్టు వదిలిందంటే ఎంత గొప్ప పోగైనా గడ్డిపోచతో సమానం. కాబట్టి రెజిన్‌లో ఏ చిటికెడు కలిపినా దాని ఫలితం చివరికి బలంలో కనబడుతుంది. ఏం కలిపితే ఏమవుతుందో కనిపెట్టడమే నా పని. ముక్కలు కోసి, మెషిన్‌లో పెట్టి, విరగ్గొట్టి, ఎంత బరువుకు విరిగిందో రాసుకోవాలి. విరగ్గొట్టినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఇంకోటి ఉంటే చెప్పండి.

ఆ ఏడాది మాకొక మంచి ఆర్డరు వచ్చింది. మాదాపూర్‌లో లేస్తున్న ఒక పెద్ద భవనానికి చల్లదనం కావాలి. దానికోసం పైకప్పు మీద కూలింగ్ టవర్లు, వాటిలో పెద్ద పెద్ద ఫ్యాన్లు. ఆ ఫ్యాన్‌ను మోటారుకు కలిపే పొడవాటి గొట్టాన్ని షాఫ్టు అంటారు. ఉక్కుతో చేస్తే బరువెక్కువ, ఎప్పుడూ తడిలో ఉంటుంది కనుక తుప్పు కూడా పడుతుంది. కార్బన్ ఫైబర్‌తో చేసి చూపించమని ఆ కూలింగ్ ప్లాంటు వాళ్ళు మా యజమానిని అడిగారు. ముందు రెండు షాఫ్టులు నమూనాకు. అవి నిలిస్తే మిగతావన్నీ మావే. అంతవరకు మేం చేసినవి చిన్న చిన్న పలకలూ, రాడ్లూ. మా యజమాని ఆ ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని రోజుకు నాలుగుసార్లు తీసి చదివేవాడు.

మా ప్లేట్లకు ఒక జబ్బు ఉండేది. బలంగానే ఉండేవి గానీ, పెళుసు. కిందపడితే అంచు అప్పడంలా చిట్లేది. తిరిగే షాఫ్టుకు ఆ జబ్బు పనికిరాదు. నేను పుస్తకాలు తిరగేసి, పాత సహాధ్యాయుల్ని పీడించి, ఒక సీసాడు ద్రవ రబ్బరు తెప్పించాను. రెజిన్‌లో దాన్ని కొద్దిగా కలిపితే, గట్టిపడేటప్పుడు అది కంటికి కనబడని ఉండలుగా విడిపోతుంది. పగులు ఒకచోట మొదలై పరుగెత్తబోతే ఈ ఉండలు దాని దారికి అడ్డం పడతాయి. మోతాదు ఎక్కువైతే మాత్రం ప్లేటు మెత్తబడుతుంది, వేడికి లొంగిపోతుంది. అంటే కొంచెం ఇచ్చి కొంచెం తీసుకునే బేరం. సరైన మోతాదు ఎక్కడుందో పట్టుకోవాలి.

మే నెలంతా నా టెస్టింగ్ గదిలో గిన్నెడు గిన్నెడు కలుపుకుంటూ ఆ మోతాదు పట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం రబ్బరు వేసిన పలక, వేయని పలక పక్కపక్కన పెట్టి యజమాని చేతికి సుత్తి ఇచ్చాను. వేయనిది ఒక్క దెబ్బకు చీలింది. వేసినది నాలుగు దెబ్బలు తిని, సొట్ట పడి, అలాగే ఉంది. ఆయన అయిదో దెబ్బ కొట్టడానికి చెయ్యి రాక సుత్తి కింద పెట్టేశాడు. నేను ఆ రోజు బాలానగర్ నుంచి కూకట్‌పల్లి దాకా బస్సులో నిలబడే వెళ్ళాను. సీటు ఖాళీగానే ఉంది, కూర్చోబుద్ధి కాలేదు.

ఇక మా మేస్త్రి. ప్లేట్లు పరిచే పనంతా ఆయన చేతిమీద నడిచేది. శేరిలింగంపల్లి పక్క పల్లెవాడు, యాభై దాటిన మనిషి. గుడ్డ మీద అరచేయి పెట్టి ఎక్కడ తడి తక్కువైందో చెప్పగలడు. నాకు కొలతలు కావాలి, ఆయనకు అరచేయి చాలు. ఆ అరచేతిమీద నాకు గౌరవం ఉండేది. ఆయన జేబులో ఉండే పసుపు పొట్లం మీద మాత్రం కోపం.

ఆయన పద్ధతి ఇదీ. పొద్దున్నే రెజిన్ డబ్బా మూత తీసి చిటికెడు పసుపు వేసేవాడు. తర్వాత చాయ్ పొయ్యి మీద కాచిన నీళ్ళు బకెట్‌లో పోసి, డబ్బాను అందులో మెడదాకా దింపి, కర్రతో మెల్లగా తిప్పేవాడు. పసుపు గడ్డ కట్టి ఉంటే శుభం కాదట. గడ్డలన్నీ కరిగిపోయేదాకా తిప్పాలి. తర్వాత డబ్బా పైకి తీసి, తాను ఒక చాయ్ తాగి, అప్పుడు రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ కలిపేవాడు. పసుపూ, వేడినీళ్ళూ చూసి నేనే దానికి 'రెజిన్‌కు మంగళస్నానం' అని పేరు పెట్టాను. షాపంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు.

నేను పెరిగిన ఇల్లు గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్న నన్ను చిన్నప్పుడే చర్చాసభలకు తీసుకెళ్ళేవాడు. దేవుడున్నాడా, ముహూర్తం ఉందా, కులం ఎందుకు, ఇలాంటివాటి మీద ఇద్దరు వేదికెక్కి వాదించుకునేవారు. అక్కడ రెండు నియమాలు. పరీక్షకు నిలవనిది నమ్మకూడదు. ఓడినవాడు ఓడానని ఆ వేదిక మీదే చెప్పాలి, ఇంటికి పోయి చెబితే లెక్కలేదు. మొదటి నియమాన్ని నేను జెండాలా పట్టుకుని తిరిగాను. రెండోది ఎప్పుడూ ఎదుటివాళ్ళకే అవసరపడుతుందనుకున్నాను.

కాబట్టి నవంబరులో షాఫ్టుల పని మొదలైనప్పుడు నేను మొదట చేసిన పని పసుపును నిషేధించడం. రెజిన్, రబ్బరు, హార్డెనర్ తప్ప ఇంకేదీ డబ్బాలో పడకూడదని గోడకు కాగితం అంటించాను. మంగళస్నానం బంద్. మేస్త్రి కాగితం వైపు కాసేపు చూశాడు. చదవడం వచ్చు గనక చదివాడు. "మీ ఇష్టం మేడం" అన్నాడంతే. పొట్లం తీసి చాయ్ పొయ్యి పక్కన గూట్లో పెట్టాడు.

డిసెంబరులో ప్లేట్లు విడిపోవడం మొదలైంది.

షాఫ్టుతోపాటు అదే రెజిన్‌తో ఒక పలక కూడా చేసి, దాన్నుంచి వేలెడు ముక్కలు కోసి పరీక్షించాలి. ముక్కను రెండు రోలర్ల మీద ఉంచి మధ్యలో నొక్కుతాం. మంచి ముక్క చివరిదాకా బిగపట్టి, ఠప్పున ఒక్కసారి తెగుతుంది. ఇవి అలా తెగలేదు. సగం బరువు దాటగానే పొరలు ఒకదానిమీద ఒకటి జారుతూ నసిగాయి. పొరల మధ్య పట్టు లేదు. రెండో పలకా అంతే. మూడోదీ అంతే. మే నెలలో సుత్తి దెబ్బలు తిన్న నా రబ్బరు డిసెంబరులో పరువు తీస్తోంది.

యజమాని నా గదికి వచ్చి నిలబడ్డాడు. "కారణం ఒక్క ముక్కలో రాసివ్వండమ్మా. వాళ్ళకి చూపించుకోవాలి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే షాపులో ఒక ఖాళీ రెజిన్ డబ్బా నా కంటపడింది. అంచున పసుపు మరక. ఇంకేం కావాలి నాకు? నేను వద్దన్నా దొంగచాటుగా వేస్తున్నాడని నిర్ధారించేశాను. రాయడానికి పావుగంట పట్టలేదు. 'నిషేధించిన తర్వాత కూడా రెజిన్‌లో పసుపు కలుపుతున్నందువల్ల పొరల మధ్య పట్టు దెబ్బతింటున్నది.' ఇదీ ఆ వాక్యం. ఎంత బాగా కుదిరిందో చూడండి. మూఢనమ్మకం నేరుగా మెషిన్ మీద పట్టుబడింది. అలాంటి సాక్ష్యం కోసం నేను జన్మంతా ఎదురుచూస్తున్నట్టే ఉంది. పరీక్షలు చేసే మనిషికి అంతకన్నా ప్రమాదం లేదని అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు.

యజమాని మేస్త్రిని పిలిచి, సంక్రాంతి తర్వాత ఇక రానక్కరలేదని చెప్పాడు. ఆర్డరు పోతే షాపే నడవదని, తనకూ ఇష్టం లేదని, చాలా మెత్తగా చెప్పాడు. మెత్తగా చెప్పినా మాట అదే.

మేస్త్రి తిన్నగా నా గదికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీరు వద్దన్న దినం సంది నేను పసుపు ముట్టలే మేడం. ఆ డబ్బ పాతది. దాంట్ల బ్రష్షులు నానబెడుతున్న."

ఆయనే మళ్ళీ అన్నాడు.

"పరీక్షకు నిలవనిది నమ్మొద్దని మీరే అంటరు గద. మరి నా మీద రాసిండ్రు. ఏం పరీక్ష పెట్టి రాసిండ్రు?"

పిల్లలూ, నేను చాలా వాదనలు విన్నాను, చేశాను. నన్ను అంత శుభ్రంగా, అంత తక్కువ మాటల్లో ఓడించినవాళ్ళు మళ్ళీ తగల్లేదు. ఒక మరక చూశాను, ఒక రిపోర్టు రాశాను. మధ్యలో పరీక్ష ఏదీ? నక్కను చూసి బయల్దేరితే కలిసొస్తుందనే వాడికీ, మరకను చూసి తీర్పు రాసిన నాకూ తేడా ఏమిటి?

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఇంత వినయం రాలేదు. కోపమే వచ్చింది. "అయితే ఎందుకు చెడిపోతున్నాయంటారు?" అన్నాను.

"పసుపు లేకనే" అన్నాడు, ఏ మాత్రం తడుముకోకుండా. "మీరు నవ్వినా సరే. నేను కొత్తగ వచ్చినప్పుడు మొదటి సలికాలం ప్లేట్లు గిట్లనే ఖరాబైనయ్. అప్పుడు పసుపు ఏసుడు షురూ చేసిన. మంచిగొచ్చినయ్. నాకు ఒక్క ప్లేటు ఏయనియ్యుండ్రి. నాకు తెలిసినట్టు ఏస్త. మీ మిషన్ల పెట్టి ఇరగ్గొట్టుండ్రి. ఓడిపోతే సంక్రాంతి దాక గూడ ఉండ, గదే దినం పోత."

నమ్మేవాడు పరీక్ష అడుగుతున్నాడు. నమ్మనిదాన్ని నేను వెనకాడుతున్నాను. మా నాన్న బతికి ఉంటే ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడు.

మర్నాడు పొద్దున్న నేను నోటుపుస్తకం పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. ఏ మోసమూ జరగకుండా ఆయన చేసే ప్రతి పనినీ వరసగా రాయాలని నా పట్టుదల. చలికి షాపులో రేకులు కూడా మంచులా ఉన్నాయి. డబ్బా మూత తీసి వంచితే రెజిన్ కదల్లేదు. రబ్బరు కలిపింది కదా, ముదురు పాకంలా మెల్లగా, బద్ధకంగా జారింది. నేను రాశాను: ఒకటి, పసుపు చిటికెడు. తూచి చూస్తే కిలోకు అర గ్రాము. రెండు, బకెట్‌లో వేడినీళ్ళు. మూడు, డబ్బాను నీళ్ళలో దింపి తిప్పడం.

ఆయన తిప్పుతున్నాడు. పసుపు గడ్డలు కరుగుతున్నాయి. దాంతోపాటు పాకం నూనెలా పలచబడింది. అడుగునుంచి సన్నటి బుడగలు వరసలు కట్టి పైకొచ్చి పగిలిపోతున్నాయి. నా కలం వెనక్కి వెళ్ళి రెండో అంకె మీద ఆగిపోయింది.

వేడినీళ్ళు.

ఆ నీళ్ళు నాకు కొత్త కాదు. నిత్యం చూస్తూనే ఉన్నాను, పేరు కూడా పెట్టాను. కాకపోతే వెక్కిరింపులో భాగంగా చూశాను. పసుపుతో కట్టకట్టి, మంగళస్నానమని ముద్రవేసి, మొత్తం మూటను గోడవతల పడేశాను. వేడిచేస్తే రెజిన్ పలచబడుతుందని, పలచబడితే పోగుల మధ్యకు బాగా దూరుతుందని, గాలి బుడగలు వెళ్ళిపోతాయని నేను చదువుకున్న మొదటి పుస్తకంలోనే ఉంది. చలికాలంలో, అదీ రబ్బరు కలిపి ఇంకా చిక్కగా చేసిన రెజిన్‌ను చల్లగా పరిస్తే పొరల మధ్య గాలి మిగలక ఏం చేస్తుంది? మే నెలలో నా గదిలో సూర్యుడే ఆ స్నానం చేయించాడు. నాకు ఆ లెక్క తట్టలేదు.

అనుమానం వచ్చింది గానీ, ఇంకా అనుమానమే. మరక చూసి ఒకసారి తీర్పు రాశాను, బుడగలు చూసి రెండోసారి రాయకూడదు. "మేస్త్రీ, ఒకటి చాలదు. నాలుగు ప్లేట్లు వేయండి" అన్నాను. పసుపు వేసి వేడిచేసింది ఒకటి. పసుపు వేసి వేడిచేయనిది ఒకటి. పసుపు లేకుండా వేడిచేసింది ఒకటి. రెండూ లేనిది ఒకటి.

ఆయన కర్ర ఆపి నా వైపు అనుమానంగా చూశాడు. "ఒక్కటంటే నాలుగంటరేంది? పరేషాన్ చేసి నన్ను ఓడగొట్టనీకెనా?"

"ఎవరు ఓడతారో నాకూ తెలీదు."

"అయితే సార్‌నే నంబర్లు ఏయమనుండ్రి. ఏది ఏందో మీకు గూడ ఎరుక కావొద్దు" అన్నాడు. ఏ ముక్క ఏ ప్లేటుదో పరీక్షించేవాళ్ళకు తెలియకూడదన్న నియమాన్ని నేను కాలేజీలో రెండేళ్ళకు నేర్చుకున్నాను. ఆయనకు నా మీద అపనమ్మకం దాన్ని రెండు నిమిషాల్లో నేర్పింది.

మూడు రోజుల తర్వాత ప్లేట్లు ఓవెన్‌లోంచి వచ్చాయి. ఒక్కోదాన్నుంచి అయిదు చొప్పున ఇరవై ముక్కలు. కార్బన్ ఫైబర్ గుణమేమిటంటే అందులో ఏది కలిపినా పైకి నలుపే. యజమాని తలుపు మూసుకుని ముక్కలకు నంబర్లు అంటించి, స్టీలు పళ్ళెంలో పోసి కలగాపులగం చేసి తెచ్చాడు. ఏ నంబరు ఏదో రాసిన చీటీ ఆయన చొక్కా జేబులో ఆర్డరు ఉత్తరం పక్కన ఉంది. ఆ రోజే కూలింగ్ ప్లాంటు కంపెనీ కుర్ర ఇంజనీరు కూడా వచ్చాడు, నడుముకు పేజర్ కట్టుకుని. ఇంకో అవకాశం ఇవ్వాలా లేదా తేల్చుకోవడానికి వచ్చానని మొహమాటం లేకుండా చెప్పాడు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఆయన సంచి గుమ్మం పక్కనే ఉంది. పనిముట్లు అప్పటికే సర్దేసుకున్నాడు.

మా మెషిన్‌కు గడియారంలాంటి పెద్ద డయలు, దానికి రెండు ముళ్ళు. నల్ల ముల్లు బరువుతోపాటు పైకి పోయి, ముక్క తెగగానే వెనక్కి పడిపోతుంది. ఎర్ర ముల్లు తాను చేరిన చోటే నిలబడుతుంది. నేను చదువుతాను, కుర్ర ఇంజనీరు రాస్తాడు.

మొదటి ముక్క నసిగింది. రెండోది నసిగింది. మూడోది పైకి, ఇంకా పైకి పోయి ఠప్పున తెగింది. నాలుగోది మళ్ళీ నసిగింది. ఎనిమిదో ముక్క దగ్గరకొచ్చేసరికి అందరికీ తెలిసిపోయింది. రెండే గుంపులు. పైన కొన్ని, కింద కొన్ని, మధ్యలో ఒక్కటీ లేదు. ఇంత శుభ్రమైన ఫలితం పరీక్షలు చేసేవాళ్ళకు జీవితంలో ఒకటి రెండుసార్లు దక్కుతుంది. కుర్ర ఇంజనీరు పేజర్ మోగితే చూడకుండానే నొక్కేశాడు. మేస్త్రి గట్టివి లెక్కపెడుతూ వేళ్ళు మడుస్తున్నాడు.

ఇరవై అయ్యాయి. గట్టివి పది. మెత్తవి పది.

మేస్త్రి మొహం వెలిగింది. పసుపు వేసినవి కూడా పదే కదా! నాకూ లోపల ఒక ఆశ లేచింది. మెత్తవి పది, పసుపు వేసినవి పది. వేడినీళ్ళ బుడగలు కళ్ళారా చూసిన తర్వాత కూడా, పసుపు ఓడిపోవాలనే నా మనసు కోరుకుంది. దాచడం ఎందుకు? నమ్మకం అనేది ఒక్క బొట్టు పెట్టుకున్నవాళ్ళకే ఉండేది కాదు.

యజమాని చీటీ తీశాడు. గట్టి ముక్కల నంబర్లు ఒక్కొక్కటీ నేను చదువుతుంటే ఆయన చెబుతూ పోయాడు. "పసుపు, వేడి. పసుపు లేదు, వేడి. పసుపు లేదు, వేడి. పసుపు, వేడి." పది నంబర్లు అయ్యేసరికి పసుపుతో అయిదు, పసుపు లేకుండా అయిదు. పదికి పదీ వేడివే. మెత్తవాటిలోనూ పసుపు సగం, లేనివి సగం. పదికి పదీ చల్లవే.

మేస్త్రి ముందుకొచ్చి, తెగిపోయిన గట్టి ముక్కల్లోంచి ఒకటి తీసి యజమానికి చూపించాడు.

"గిది?"

"పసుపు లేనిది" అన్నాడు యజమాని.

వేలితో తెగిన అంచును తడిమాడు. ఆ అరచేతికి అబద్ధం చెప్పడం కుదరదు. "గట్టిగనే ఉన్నది గద" అని తనలో అనుకున్నట్టు అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అంటే నీళ్ళేనా మేడం?"

"నీళ్ళే."

"ఇన్నేండ్ల సంది పసుపుకు మొక్కుతున్న. బకెట్ల నీళ్ళకు ఎన్నడు మొక్కలే."

అందరూ నవ్వారు. ఆయన అంత తేలిగ్గా తన ఓటమి ఒప్పుకున్నాక నేను కుర్చీలో ఎలా కూర్చోను? మా నాన్న రెండో నియమం వంతు వచ్చింది. ఇంటికి పోయి చెబితే లెక్కలేదు. ఫైలులోంచి నా రిపోర్టు తీసి, నిలబడి, ఆ వాక్యం గట్టిగా చదివాను. కలంతో అడ్డంగా కొట్టేసి, కింద రాసింది కూడా చదివాను. 'పై వాక్యం తప్పు. పసుపు వల్ల ఏ నష్టమూ లేదు. రెజిన్‌ను వేడిచేయడం ఆపించింది నేను. చిక్కటి రబ్బరు కలిపించిందీ నేనే.' సంతకం పెట్టాను. మేస్త్రి దొంగచాటుగా పసుపు వేశాడని రాసినందుకు క్షమించమని ఆయన్ను అందరి ముందూ అడిగాను. ఆయన ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "ఇగ వదిలెయ్యుండ్రి మేడం" అని సంచి తీసుకుని లోపలికి వెళ్ళాడు. పనిముట్లు గోడకు ఒక్కొక్కటే తగిలిస్తున్న చప్పుడు మా గదిదాకా వినిపించింది. యజమాని ఆయన్ను ఉండమని నోటితో చెప్పాల్సిన అవసరమే రాలేదు. కుర్ర ఇంజనీరు ఇంకో రెండు నెలల గడువు రాసిచ్చి వెళ్ళాడు.

ఈ కథ విన్నవాళ్ళు చాలామంది తల ఊపి, "చూశారా, మన పెద్దవాళ్ళ ఆచారాల్లో సైన్సు ఉంది" అంటారు. వాళ్ళకు ఈ కథను అరువివ్వను. పసుపు ఏమీ చేయలేదు. సున్నా. ఇరవై ముక్కలు ఆ మాట చెప్పాయి. పసుపు పక్కనే నిలబడ్డ వేడినీళ్ళు చేసిన పనికి ఇన్నేళ్ళూ పసుపు దండలు వేయించుకుంది. పల్లకీ మోసినవాణ్ణి వదిలి ఎక్కినవాడికి దండం పెట్టే అలవాటు మనకు కొత్తది కాదు కదా!

అలాగని మా నాస్తిక గుంపువాళ్ళు కూడా చప్పట్లు కొట్టనక్కరలేదు. మేస్త్రి చేసిన తప్పు నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఆయన మొదటి చలికాలంలో ప్లేట్లు చెడిపోతే ఒకేసారి రెండు మార్చాడు. పసుపు వేశాడు, అది కరగడానికి వేడిచేశాడు. బాగుపడింది, పసుపుకు మొక్కాడు. నేనూ ఒకేసారి రెండు మార్చాను. రబ్బరు కలిపాను, స్నానం ఆపాను. చెడిపోయింది, పసుపును తిట్టాను. ఆయన నమ్మకం, నా అపనమ్మకం ఒకే గుంటలో పడ్డాయి. ఆయనకు ఈ చదువు లేదు కనుక క్షమించవచ్చు. నాకా మినహాయింపు లేదు. ఒకసారి ఒకటే మార్చమని గోడమీద రాసి పెట్టుకున్న గదిలో కూర్చుని ఆ తప్పు చేశాను.

మరుసటి వారం షాఫ్టు తయారీ విధానం రాయడానికి కూర్చున్నాను. రబ్బరు ఇంత, వేడినీళ్ళలో ఇంతసేపు, హార్డెనర్ కలిపే ముందు ఆగాల్సిన సమయం ఇంత. 'ఒక చాయ్ తాగేంతసేపు'ను గడియారంతో కొలిచి నిమిషాల్లో రాశాను. మేస్త్రి పక్కన కూర్చుని వింటున్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"పసుపు రాయలే?"

"దానివల్ల లాభం లేదని తేలింది కదా మేస్త్రీ."

"నష్టం గూడ లేదని మీరే రాసి సంతకం పెట్టిండ్రు గద."

ఆయన తర్కంలో బొక్క వెతికాను. దొరకలేదు. మా పరీక్ష చెప్పింది సరిగ్గా అదే. లాభమూ లేదు, నష్టమూ లేదు. అయితే ఒక షరతుంది. మేం పరీక్షించింది కిలోకు అర గ్రాము. అంతకు మించితే ఏమవుతుందో నాకు తెలీదు, తెలియనిది నేను రాయను. ఆఖరి వరసలో చేర్చాను: 'పసుపు: వేయవచ్చు, మానవచ్చు. కిలో రెజిన్‌కు అర గ్రాము మించరాదు.' నాస్తిక సభల్లో ఉపన్యాసాలిచ్చిన మనిషి సంతకంతో అలాంటి విధానపత్రం దేశంలో ఇంకోటి ఉంటుందని అనుకోను.

వేసవి మొదట్లో షాఫ్టులు మాదాపూర్ చేరాయి. బిగించే రోజు నన్నూ, మేస్త్రినీ రమ్మన్నారు. ఆ భవనం పైకప్పు ఎక్కితే చుట్టూ బండలు, మధ్యమధ్య క్రేన్లు, దూరంగా మా ఇళ్ళవైపు దుమ్ము తెర. మేం చేసిన షాఫ్టును ఇద్దరే మనుషులు భుజాన వేసుకుని మెట్లెక్కి తెచ్చారు. ఉక్కుదైతే ఇంకా మనుషులు కావాలి. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను, మొదటిసారి చూస్తున్నట్టు. మేస్త్రి అరచేయి పెట్టి చివరిదాకా ఒకసారి నిమిరాడు.

కుర్ర ఇంజనీరు స్విచ్ మీద చెయ్యి పెట్టి, వేయమంటారా అన్నట్టు మా వైపు చూశాడు. మేస్త్రి చెయ్యెత్తి ఒక్క నిమిషం ఆగమన్నాడు. జేబులోంచి పసుపు పొట్లం తీశాడు. విప్పబోయి, నా వైపు చూసి ఆగాడు.

"ఎంత?" అని అడిగాను.

"అర గ్రామే మేడం" అన్నాడు. షాఫ్టు మీద ఒక బొట్టు పెట్టి పక్కకు జరిగాడు.

ఫ్యాన్ తిరిగింది. ఆ పసుపు చుక్క ముందు ఒక గీతైంది, తర్వాత ఒక వలయమైంది, ఆ తర్వాత నలుపే మిగిలింది. గంటసేపు నడిపి చూశారు. ఎక్కడా వణుకు లేదు. నేను నోటుపుస్తకంలో అదే రాసుకున్నాను.